ఏడుగురు వడ్డించిన ఫ్రెంచి పరీక్ష

బరంపురంలో నేను ఫ్రెంచి మాస్టారుగా పనిచేసి రిటైరయ్యానంటే ఇప్పటి పిల్లలు ముందు నా మొహం చూస్తారు, తరువాత నా పంచె చూస్తారు. ఆ రెండింట్లోనూ వాళ్లకు ఫ్రెంచి ఎక్కడా కనపడదు. "తాతగారూ, ఈ ఊళ్లో ఫ్రెంచి ఎవరికి కావలసొచ్చిందండీ?" అని ఒక కుర్రాడు ఈ మధ్య మొహం మీదే అడిగేశాడు. నాకు ముక్కు మీద కోపం. కానీ ప్రశ్న న్యాయమైనది కనుక మింగేశాను. జవాబుగా ఒక్క రోజు సంగతి చెబుతాను. అందులో నేను చేసిన ఘనకార్యమేమీ లేదు, తప్పే ఉంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరే మీలాంటివాళ్లు పెద్దల గొప్పలు వింటూ ఆవలిస్తారు. తప్పులు చెబితే మాత్రం మంచం మీంచి లేచి కూర్చుంటారు.

మా గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన రోజులవి. "మద్రాసులో పడుకున్నాం, ఒరిస్సాలో లేచాం" అని మా బజారులో హాస్యమాడుకునేవారు. నవ్వుతూనే అనేవారు గానీ ఆ నవ్వు వెనుక బెంగ ఉండేది. ఇకమీదట పిల్లలు ఏ భాషలో చదవాలి? మా హైస్కూలుకు అప్పుడే పైన రెండేళ్ల ఇంటర్మీడియట్ తరగతులు కలిపారు. అందులో రెండో భాషగా తెలుగు ముందు పెట్టాలా, ఒడియా ముందు పెట్టాలా అని కమిటీలో రోజూ రభస. పొద్దున్న మీటింగులో బల్లలు గుద్దుకున్న తెలుగు పంతులుగారూ ఒడియా పండితుడూ సాయంత్రం ఒకే తమలపాకుల పెట్టె ముందు కూర్చునేవారు. అదీ బరంపురం పద్ధతి. పోట్లాట పోట్లాటే, తాంబూలం తాంబూలమే.

మా ప్రిన్సిపాలుగారు ఒడియా పెద్దమనిషి. తెలుగు నాకంటే బాగా మాట్లాడేవారు. ఆయన ఒకనాడు కమిటీలో లేచి, "అయ్యా, ఈ రెండు భాషలతోబాటు ఎవరింట్లోనూ లేని భాష ఒకటి కూడా పెడదాం. పోట్లాట ఇష్టం లేనివాళ్లు అందులో చేరతారు," అన్నారు. అలా ఫ్రెంచి పుట్టింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారే, ఆ పిల్లిని నేనే.

నాకు ఫ్రెంచి ఎలా వచ్చిందంటారా? మా మేనమామగారిది యానాం. గోదావరి ఒడ్డున తెలుగువాళ్లే ఉండే ఊరు, ఏలుబడి మాత్రం ఫ్రెంచివాళ్లది. చిన్నప్పుడు నన్ను మామయ్య దగ్గర ఉంచి అక్కడి ఫ్రెంచి బళ్లో చదివించారు. నాకు చెప్పిన మాస్టార్లందరూ తెలుగువాళ్లే. ఫ్రెంచి దొరను దూరం నుంచి గుర్రబ్బండిలో చూడడమే తప్ప ఆయన ఇంటి గడప నేను తొక్కలేదు. మేం వైశ్యులం. "ఆళ్లింట్లో మంచినీల్లు కూడా ముట్టనని సెప్పు" అని మా అమ్మ బడికి పంపేముందు నాచేత ఒట్టు వేయించుకుంది. నేను ఆ ఒట్టు తప్పలేదు. కాబట్టి భాష అంతా వచ్చింది గానీ, ఆ భాష మాట్లాడేవాళ్లు ఇంట్లో ఎలా కూర్చుంటారో, ఎలా తింటారో నాకు అణుమాత్రం తెలియదు.

ఈ సంగతి బరంపురంలో ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు కూడా. యానాంలో చదివాడంటే సగం ఫ్రెంచివాడే అనుకునేవారు. నేను కాదనలేదు.

మొదటి ఏడు చేరినవాళ్లు ఏడుగురు. నలుగురు తెలుగు పిల్లలు, ముగ్గురు ఒడియా పిల్లలు. వసారాలో తెలుగూ ఒడియా కలగలిపి అరుచుకునేవాళ్లు నా గదిలోకి రాగానే ఫ్రెంచిలో బుద్ధిమంతులైపోయేవారు. ఎందుకంటే ఫ్రెంచిలో తిట్లు నేను నేర్పలేదు. ఆ ఏడుగురిలో చురుకైనవాడు ఒక పసుపు కొట్టువారి అబ్బాయి. తండ్రి లేడు. నాయనమ్మ పెంపకం. వాడి నోటుపుస్తకం తెరిస్తే పసుపు వాసన వచ్చేది. రాతలో వాణ్ని మించినవాడు లేడు. నోరు తెరవమంటే మాత్రం గోడకు చెప్పినట్టే. కంఠతా పట్టిన వాక్యం ఒకటి అప్పజెప్పి, చెమట తుడుచుకుని కూర్చునేవాడు.

పై తరగతుల పాఠ్యక్రమంలో భాష ఒక సగం, ఫ్రెంచివాళ్ల జీవన విధానం ఇంకో సగం. ఉత్తరాలు ఎలా రాస్తారు, ఒకరింటికి ఒకరు ఎలా వెళతారు, విందులో ఎలా మెలుగుతారు, ఇలాంటివన్నీ. దానికి పాండిచ్చేరి నుంచి తెప్పించిన పుస్తకం ఒక్కటంటే ఒక్కటి ఉండేది. వేసవి సెలవుల తరువాత బీరువా తీసి చూస్తే చెదపురుగులు నాకంటే ముందే ఆ పుస్తకం చదివేశాయి. విందు పాఠంలో మొదటి పేజీ మిగిలింది. అందులో బల్ల మీద చెంచాలు ఎటు పెట్టాలో ఉంది. చివరి పేజీ మిగిలింది. అందులో అతిథులు సెలవు తీసుకుంటున్నారు. మధ్యలో వాళ్లు ఏం తిన్నారో, ఎలా తిన్నారో చెదపురుగులకే తెలియాలి.

మంచి మాస్టారయితే ఏం చేస్తాడు? "పేజీలు పోయాయర్రా, పాండిచ్చేరికి రాద్దాం" అంటాడు. నేను అనలేదు. యానాం పరువు అడ్డొచ్చింది. మధ్య పాఠం నేనే అల్లి ఫ్రెంచిలో చెప్పి రాయించాను. ఎక్కడి నుంచి అల్లాను? మా ఇంటి భోజనాల నుంచే. అతిథి పళ్లెం ఖాళీ అయితే అది గృహస్థుకు అవమానం, అడక్కుండానే మళ్లీ వడ్డించాలి అని చెప్పాను. అతిథి మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం మొహమాటం, మూడోసారి వద్దన్నా కొసరి ఒకటి వెయ్యడం గృహస్థు ధర్మం అన్నాను. ఇంటివాళ్లు అతిథి తిన్న తరువాతే తినాలి అని కూడా కలిపాను. చెబుతున్నప్పుడు నాకు అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు. మర్యాద అన్నది లోకమంతటా ఒక్కటే అయి ఉంటుందనుకున్నాను. ఆ వయసులో నా లోకం యానాం నుంచి బరంపురం దాకా ఉండేది.

చాలా ఏళ్ల తరువాత పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచి కుటుంబం నన్ను భోజనానికి పిలిచింది. అప్పటికి మా అమ్మ లేదు, ఒట్టూ సడలింది. మంచి ఆకలి మీద ఉన్నాను. ఏదో కూరగాయల వంటకం తెచ్చి కావాలా అన్నారు. మన అలవాటు కొద్దీ మొదటిసారి వద్దన్నాను. అంతే, ఆ గిన్నె లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ కనపడలేదు. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత మనది గానీ, దాన్ని ఆచరించేది వాళ్లే అని ఆ రోజు తెలిసింది.

సరే, అసలు సంగతికి వస్తాను. రెండో ఏడు మాఘమాసంలో విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మా ఫ్రెంచి తరగతికి ఇంకా గుర్తింపు లేదు. పరీక్షాధికారి వచ్చి పిల్లల్ని మాట్లాడించి చూసి, బాగుందంటేనే గుర్తింపు. లేదంటే ఏడుగురూ తెలుగో ఒడియానో తీసుకుని మళ్లీ మొదటి నుంచి రెండేళ్లు చదవాలి. నా ఉద్యోగం సంగతి సరేసరి. మిగతా ఆరుగురూ ఏదో విధంగా ఇంకో రెండేళ్లు చదువుకోగలవాళ్లే. పసుపు కొట్టు అబ్బాయికి ఆ వీలు లేదు. వాడి మేనమామ కొట్టు చూసేవాడు. "ఈ ఏడు పాసయితే సదువు, లేపోతే కొట్టు. ఇంక మూడో మాట లేదు" అని వాడికి తేల్చి చెప్పేశాడు.

ఆ పరీక్షాధికారి మద్రాసులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే అసలు సిసలు ఫ్రెంచి దొర. ఓడ దిగి ఏడాది కూడా కాలేదట. ఉత్తరం కింద తన చేతి రాతతో నాలుగు ముక్కలు కలిపాడు. కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడగడం తనకు నచ్చదట. పిల్లలే తనను భోజనానికి పిలవాలట. భోజనం చేస్తూ మాట్లాడుకుంటే భాషా తెలుస్తుంది, ఫ్రెంచి విందు మర్యాదలు ఎంతవరకు నేర్చుకున్నారో అదీ తెలుస్తుంది అన్నాడు.

ప్రిన్సిపాలుగారు పొంగిపోయారు. "ఏటి మాస్టారూ, ఇది మీకు వెన్నతో పెట్టిన విద్య కదా!" అన్నారు.

అప్పుడైనా నిజం చెప్పవచ్చు. చెప్పలేదు. అప్పటికే పిల్లలు ఆ పాఠాన్ని నెలల తరబడి వల్లిస్తున్నారు. ఇప్పుడు కాదంటే, మరి ఏది అవును అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

భోజనం ఎక్కడ? స్కూల్లో వంట లేదు. హోటలువాళ్లు దొర అనగానే భయపడ్డారు. రెండు రోజులు ఇలా మల్లగుల్లాలు పడుతుంటే పసుపు కొట్టు అబ్బాయి నాయనమ్మ నన్ను కబురుపెట్టి పిలిపించింది. తలుపు వారగా నిలబడి మాట్లాడే మనిషి. గొంతు మాత్రం మూడిళ్ల అవతలికి వినపడేది.

"ఏటి మాస్టరు బాబూ, అంత దూరం నుంచి మన పిల్లల కోసం వస్తన్న మనిసికి ఊళ్లో ముద్ద పెట్టేవోళ్లు లేరా? నాను పెడతాను. లోపలికి మాత్రం రాకూడదు. మా ఇంట పూజ ఉంది. ఈది అరుగు మీద ఆకేసి పెడతాను. ఆకయితే మైలా లేదు, కడుగుడూ లేదు."

"అమ్మా, వాళ్లు బల్ల మీద తింటారు."

"బల్ల మీదే ఎయ్యి ఆకు. ఆకు ఎక్కడేస్తే ఏటి, అన్నం ఆకులోకి వస్తాది గానీ."

ఇంతకంటే తర్కం ఎవరు చెప్పగలరు? స్కూలు నుంచి పొడుగు బల్ల ఒకటి మోయించాను. బరంపురం పట్టు చీర ఒకటి ఇచ్చి దాని మీద పరవమంది ఆవిడ. చెంచా, ముల్లుగరిటె ప్రిన్సిపాలుగారి ఇంటి నుంచి వచ్చాయి. పట్టు చీర మీద అరిటాకు, దాని పక్కన వెండి చెంచా. చూడడానికి పెళ్లి విడిదిలా ఉంది.

దొర మద్రాసు మెయిల్లో పొద్దున్నే దిగి ట్రావెలర్స్ బంగళాలో బస చేశాడు. పసుపు కొట్టువారి జట్కా ఉంది కనుక ఆయన్ని తీసుకురావడానికి ఆ అబ్బాయినే పంపాం. నేను అరుగు దగ్గర ఉండిపోయాను. వాడు దారిలో ఒక్క మాటైనా మాట్లాడతాడన్న ఆశ నాకు లేదు.

జట్కా వచ్చింది. దొర దిగాడు. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. బక్కగా, పొడుగ్గా, ఎండకు కందిపోయి ఉన్నాడు. తలుపు సందులోంచి నాయనమ్మ తొలి తీర్పు వినపడింది. "అయ్యో రామ! ఇంత సన్నంగున్నాడేటర్రా? ఆళ్ల దేశంలో అమ్మలు లేరా ఏటి?"

అబ్బాయి జట్కా దిగి నా వైపు చూడకుండా తిన్నగా నూతి దగ్గరికి వెళ్లాడు. ఏడుగురూ అక్కడ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడడం కనపడింది. భయపడుతున్నారు కాబోలనుకున్నాను. మా స్కూలు తరఫున తెలుగు పంతులుగారు రెండో అరుగు మీద కూర్చున్నారు. ఆయనకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. అందుకే సాక్షిగా ఆయన్ని ఎంచారు.

దొర కూర్చుని చుట్టూ చూశాడు. కుర్చీ ఒకటే. ఎదురుగా ఏడుగురు విద్యార్థులు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. "మీరంతా కూర్చోరా?" అని ఫ్రెంచిలో అడిగాడు.

"ఇంటివాళ్లు తరువాత తింటారండీ," అని ఒడియా పిల్లల్లో పెద్దవాడు ఫ్రెంచిలోనే చెప్పాడు. నేను నేర్పిన వాక్యమే. దొర కనుబొమలు కొంచెం పైకి లేచాయి. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను.

పప్పు, నెయ్యి, వంకాయ కూర, పనసకాయ ఆవపెట్టిన కూర, పులిహోర, గారెలు, బూరెలు, అప్పడాలు, దప్పళం, పెరుగు. వడ్డన మొదలైంది. ఒక్కొక్క పదార్థం ఒక్కొక్కడు వడ్డించి, అదేమిటో, దేనితో చేస్తారో ఫ్రెంచిలో చెప్పాడు. బాగానే చెప్పారు. దప్పళం చెప్పడానికి ఒకడు నానా తంటాలు పడి, చివరికి "తోటలో ఉన్నవన్నీ చింతపండులో కలిసి ఉంటాయండీ" అని గట్టెక్కాడు. దొర చెంచాతో తినసాగాడు. అతను వచ్చిన దేశంలో పళ్లెంలో మెతుకు మిగల్చడం వంటచేసినవాళ్లను చిన్నబుచ్చడమట. పాపం, ఆ మర్యాద ప్రకారం ఆకు తుడిచినట్టు తినేశాడు.

ఆకు ఖాళీ అయింది. తలుపు వెనుక నుంచి కేక.

"ఒరే! ఆకు కాళీ అయిపోనాది. సూత్తారేటర్రా, ఎయ్యండి!"

ఏడుగురూ ఒక్కసారి వంగారు. ఆకు మళ్లీ నిండింది. దొర నవ్వి, థాంక్స్ చెప్పి, మర్యాద కోసం మళ్లీ అంతా తినేశాడు. మళ్లీ ఖాళీ అయింది. మళ్లీ నిండింది. తాను ఖాళీ చేయడం వల్లే నిండుతోందని అతనికి తెలియదు. నిండడం చూసి అతను ఖాళీ చేస్తున్నాడని నాయనమ్మకు తెలియదు. ఇద్దరి మర్యాదలూ కలిసి ఒక మనిషిని చంపేస్తున్నాయి. అతను తినే తీరు చూస్తే నాకీ సంగతి తెలిసిపోయింది. నేను స్తంభం వెనుక ఉన్నాను.

మూడోసారికి దొర చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, నిజంగా చాలు," అన్నాడు. అప్పుడు జరిగింది వింత. పసుపు కొట్టు అబ్బాయి బూరెల పళ్లెం పట్టుకుని ముందుకొచ్చాడు. రెండేళ్లలో అప్పజెప్పడం తప్ప మాట్లాడి ఎరగని వాడు నోరు తెరిచాడు.

"అయ్యా, ఒక్క బూరె. మా నాయనమ్మ తెల్లారకముందే లేచి చేసింది."

"చాలా బాగున్నాయి. కానీ నాలుగు తిన్నాను."

"నాలుగు మా ఇంట్లో లెక్కలోకి రాదండీ. చంటిపిల్లలు తింటారు నాలుగు."

"నా పొట్టలో చోటు లేదు, మిత్రమా."

"ఆ మాట నేను లోపలికి వెళ్లి చెబితే ఆవిడ నమ్మదండీ. మీరు సన్నగా ఉన్నారు. నేనే సరిగ్గా అడగలేదంటుంది."

దొర పగలబడి నవ్వాడు. "అయితే నేనే వచ్చి చెప్పనా ఆవిడకు?"

"మీరు చెబితే ఆవిడకు అర్థం కాదు, నేను మార్చి చెబితే నమ్మదు. తినడమే సులువు."

ఇదంతా ఫ్రెంచిలోనండోయ్! ఏ పుస్తకంలోనూ లేని ఫ్రెంచి. వాడు మొదలుపెట్టగానే మిగతా ఆరుగురూ అందుకున్నారు. ఒకడు గారె కోసం బతిమాలుతున్నాడు. ఒకడు పెరుగు తింటే అరుగుతుందని వైద్యం చెబుతున్నాడు. ఒడియా కుర్రాడొకడు, తమ ఇంట్లో అయితే ఇంతకు రెండింతలు పెడతారని, ఈ తెలుగువాళ్లు జాలిపడి వదిలేస్తున్నారని వాదిస్తున్నాడు. దొర ఒకరికి జవాబు చెప్పేలోపు ఇంకొకరు. వీధిలో జనం పోగయ్యారు. నాకు సంతోషమూ భయమూ ఒకేసారి వచ్చి, ఏది ముందు పడాలో తెలియక కళ్లలో నీళ్లు తిరిగాయి.

దొర నుదుటి మీద చెమట పట్టింది. ఇక లాభం లేదని తెలుగు పంతులుగారు రెండో అరుగు దిగారు. భాష రాకపోయినా ఆకలి తెలుసు, అజీర్ణం తెలుసు. దొర ఎదుట నిలబడి గాలిలో ఆకు ఉన్నట్టుగా రెండు చేతులతో తన వైపు మడిచి చూపించారు. దొర ఒక క్షణం అలాగే చూశాడు. తరువాత పట్టు చీర మీది ఆకును రెండు చేతులా పట్టుకుని, అచ్చం ఆయన చూపించినట్టే మడిచాడు.

ఏడు గిన్నెలూ ఆగిపోయాయి. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. తలుపు వెనుక నుంచి తృప్తిగా వినపడింది. "మడిసేసినాడు. ఇంక ఒగ్గీండర్రా. సేతులకి నీల్లియ్యండి."

"అంతేనా? ఇంత సులువా?" అన్నాడు దొర, ఊపిరి పీల్చుకుంటూ.

"ఇంత తిన్నాక సులువే నాయనా," అన్నారు పంతులుగారు తెలుగులో. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రం స్టేషనుకు జట్కాలో దొరతో నేనొక్కణ్నే వెళ్లాను. అతను కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. దారి సగం అయ్యేసరికి నేను తట్టుకోలేకపోయాను. చెదల సంగతి, మా ఇంటి పద్ధతిని ఫ్రెంచి పద్ధతిగా రాయించిన సంగతి, మా అమ్మ ఒట్టుతో సహా అంతా కక్కేశాను. "తప్పు నాది, పిల్లలది కాదు. నేను చెప్పిందే వాళ్లు చేశారు," అన్నాను.

అతను అన్నాడు, "పొద్దున్న నన్ను తీసుకురావడానికి వచ్చిన అబ్బాయి దారి మొత్తం మీద ఒక్కటే ప్రశ్న అడిగాడు. ఫ్రాన్సులో అతిథి ఒకసారి వద్దంటే ఏం చేస్తారు అని. ఏముంది, ఊరుకుంటారు అన్నాను. అందరూ కలిసే కూర్చుని తింటామని కూడా చెప్పాను. మళ్లీ నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక చూస్తే అందరికంటే ఎక్కువ వడ్డించింది వాడే. నేను చెప్పింది వాడికి అర్థం కాలేదేమో, అయితే భాష రానట్టే కదా అని సున్నా వెయ్యబోయాను. తరువాత వాడు బూరెల కోసం వాదించడం విన్నాను. అలా వాదించేవాడికి నా మాట అర్థం కాకపోవడమేమిటి? మధ్యాహ్నం నుంచీ అదే ఆలోచిస్తున్నాను. ఇప్పుడు మీరు చెప్పాక తెలిసింది."

"గుర్తింపు సంగతి..." అన్నాను.

"అది రాతలో వస్తుంది," అని రైలెక్కాడు.

మూడు వారాలు. ఆ మూడు వారాలూ తరగతిలో విందు పాఠం జోలికి పోలేదు. పిల్లలూ ఎత్తలేదు. తెలిసి వడ్డించారని తెలిశాక వాళ్ల కళ్లలోకి చూడడానికే నాకు మొహం చెల్లలేదు. గుర్తింపు రాకపోతే ఆ పసుపు వాసన నోటుపుస్తకాన్ని కొట్టుకు పంపింది నా డాంబికమే అవుతుంది. ఆ ఆలోచనతో అన్నం సయించేది కాదు. "మాస్టారికి దొర తిన్న తిండి ఇప్పుడు అరుగుతున్నట్టుంది" అని పంతులుగారు వేళాకోళమాడితే ఆయన మీద విరుచుకుపడ్డాను. మర్నాడు తమలపాకులు తీసుకెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.

నివేదిక వచ్చింది. ప్రిన్సిపాలుగారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు సవరించుకుని చదివారు. మొదటి వాక్యం: ఉపాధ్యాయుడికి ఫ్రెంచి జీవన విధానంతో బొత్తిగా పరిచయం లేదు. ప్రిన్సిపాలుగారు కళ్లద్దాల మీంచి నన్ను చూశారు. నేను నేల చూశాను. తరువాతి వాక్యాలు: విద్యార్థులు ఫ్రెంచిలో ప్రశ్నలకు జవాబు చెప్పడమే కాదు, వాదించగలరు, బతిమాలగలరు, నవ్వించగలరు, గెలవగలరు. నేను ఓడిపోయాను. తరగతికి గుర్తింపు ఇవ్వవచ్చు. పాఠ్యపుస్తకం నా సొంత ప్రతి పంపుతున్నాను, దయచేసి చెదలు చేరని చోట ఉంచండి.

"ఏటి మాస్టారూ, ఈ చెదలేటి?" అన్నారు ప్రిన్సిపాలుగారు.

చెప్పేశాను. ఆయన తిట్టలేదు. నవ్వనూ లేదు. "ముందు పిల్లలకి సెప్పండి. గుర్తింపు సంగతీ సెప్పండి, ఈ సంగతీ సెప్పండి," అన్నారు.

తరగతిలోకి వెళ్లాను. గుర్తింపు వచ్చిందని చెప్పగానే గది దద్దరిల్లిపోయింది. బల్లల మీద దరువు వేశారు. పసుపు కొట్టు అబ్బాయి మాత్రం రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, తల వంచుకుని, అలాగే కూర్చున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. వాళ్లు శాంతించాక చెప్పాను. మీకు నేను రాయించిన విందు పాఠం తప్పు. ఫ్రెంచివాళ్లు అలా చెయ్యరు. పేజీలు పోతే నా సొంతం రాయించాను. నాకు తెలియదని చెప్పడానికి సిగ్గుపడ్డాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒడియా కుర్రాడు మెల్లిగా అన్నాడు, "మాకు తెలుసు సార్. ఆ రోజు నూతి కాడ వీడు సెప్పాడు."

"తెలిసీ ఎందుకు వడ్డించారర్రా? దొర చెప్పినట్టు చేస్తే పూర్తి మార్కులు వచ్చేవి కదా. నేను చెప్పినట్టు చేస్తే తప్పుతారని తెలుసు కదా! నీకు కొట్టు సంగతి గుర్తు రాలేదట్రా?" అన్నాను ఆ అబ్బాయితో.

వాడు లేచి నిలబడ్డాడు. ఫ్రెంచి వదిలేసి ఇంటి మాటలో చెప్పాడు.

"దొరగారు వస్తారు, ఎల్తారు మాస్టారండీ. మర్నాడు మల్లీ మాకు పాటం సెప్పాల్సింది మీరు కదండీ. అందరి ముందరా మీ మాట తీసేస్తే మీరెలా సెప్తారు, మేమెలా ఇంటాం?"

నేను నల్లబల్ల వైపు తిరిగి తేదీ రాయడం మొదలుపెట్టాను. ఒక్క తేదీ రాయడానికి ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది. ఏడుగురూ తొందరపెట్టకుండా కూర్చున్నారు.